కారవాన్ కప్పు మీద వడియాలు

ఫిబ్రవరి 11, 2009. సీబ్, మస్కట్

మామా నాకు డైరీ ఇచ్చింది. బ్యాంకు వాళ్ళు రెండిచ్చారట, ఒకటి ఎక్కువైంది. అరబ్బీ డైరీ కాబట్టి కుడివైపు నుంచి మొదలవుతుంది. నాది తెలుగు కాబట్టి నేను అటు చివర నుంచి మొదలుపెట్టాను. డిసెంబరు పేజీలో ఫిబ్రవరి రాస్తున్నాను. చదివేవాళ్ళెవరూ లేరు, అడిగేవాళ్ళూ లేరు.

ఈ ఇంట్లో యజమానురాలిని మామా అనాలి, యజమానిని బాబా అనాలి. ఆరేళ్ళుగా వంటా, ఇల్లూ చూసుకుంటున్నాను, ఇప్పటికీ మామా అని పిలిచినప్పుడల్లా రాయచోటిలో మా మీసాల మేనమామ కళ్ళ ముందు నిలబడతాడు.

ఇవాళ మన ఇంటికి ఇంకో ఇల్లు వచ్చింది, చక్రాల మీద. కారవాన్ అంటారట. మంచం, పొయ్యి, కక్కసు, బేసిన్ అన్నీ లోపలే. దేశం వదిలి పోతున్న జర్మనీ ఆయన దగ్గర బాబా కొన్నాడు. ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆయనకి చేతులు ఊరికే ఉండడం లేదు. జూలైలో అందరం ఇందులో సలాలా వెళ్ళాలట. అక్కడ ఆ నెలల్లో రోజంతా జల్లు పడుతుంది, కొండలు పచ్చగా ఉంటాయి. మస్కట్ వాళ్ళు వాన చూడడానికి వెయ్యి కిలోమీటర్లు పోతారు!

నడిపేది మన డ్రైవర్ పెంచలయ్యే. రాజంపేట అబ్బాయి, నన్ను అక్కా అంటాడు. పాపం, సెలవు కోసం మళ్ళీ అడిగాడు. బాబా "సలాలా అయ్యాక" అన్నాడు. అంతకుముందు "రంజాన్ అయ్యాక" అన్నాడు, దానికి ముందు "అమ్మాయి పెళ్ళయ్యాక" అన్నాడు. పెంచలయ్య వచ్చి మూడేళ్ళు. వాడొచ్చిన ఐదు నెలలకి పుట్టిన కూతుర్ని వాడు ఫోటోలోనే చూశాడు.

ఫిబ్రవరి 13

కారవాన్ శుభ్రం చేసే డ్యూటీ నాకు పడింది. లోపల బకెట్ నీళ్ళు పోసి చీపురుతో కడిగాను. దుమ్ము పడకుండా కిటికీలన్నీ బిగించి తాళం వేశాను. వెనకాల నిచ్చెన ఉంటే కప్పు ఎక్కి చూశాను. అబ్బ, ఎంత మురికి మనుషులండీ ఈ జర్మనీ వాళ్ళు! కప్పు మధ్యలో గాలి కోసం ఒక మూత ఉంది. దాని చుట్టూ, అంచుల వెంట, ప్రతి స్క్రూ మీదా ఎవరో నమిలి ఊసిన బబుల్ గమ్ లాంటి బంక. బూడిద రంగు, వేలితో నొక్కితే మెత్తగా ఉంది. కొన్నాళ్ళ నాటిది కాదు, కొన్నేళ్ళ నాటిది.

అట్లకాడ తెచ్చి గీకాను. రెండు గంటలు పట్టింది. పాత డబ్బా నిండింది. ఇప్పుడు అంచు అద్దంలా ఉంది. బాబా కింద నుంచి చూసి "మహబూబీ, మాషా అల్లా" అన్నాడు.

ఫిబ్రవరి 20

మిద్దె మీద వడియాలు పెట్టడం మామాకి ఇష్టం లేదు, పక్కింటి వాళ్ళు చూస్తారట. వాళ్ళు చూడకపోయినా పావురాలు చూస్తాయి. కారవాన్ కప్పు మాత్రం ప్రహరీ చాటున ఉంది, రోజంతా ఎండ. మలయాళీ కొట్లో బూడిద గుమ్మడికాయ దొరికింది. ఒకే ఒక్కసారి పెట్టి చూద్దామనుకున్నాను.

గాలికి గుడ్డ ఎగరకుండా నాలుగు మూలలా స్క్రూలకి దారం కట్టాను. బంక తీసేశాను కాబట్టి స్క్రూలు చక్కగా కనిపిస్తున్నాయి. దారం పట్టడానికి కొంచెం వదులు చేశాను, అంతే.

ఫిబ్రవరి 27

రెండోసారి. ఒక కాయ మిగిలిపోయింది కాబట్టి.

మార్చి 6

వడియాలు, ఊరమిరపకాయలు.

మార్చి 14

పెంచలయ్య బండి కడుగుతూ కప్పు మీద నన్ను చూశాడు. "యాడికెక్కినావక్కా, జారితే నడుం ఇరుగుతాది" అన్నాడు. నాలుగు వడియాలు వేయించి పెట్టాను. నోరు మూతపడింది.

మార్చి 24

వాన! నిజం వాన. ఉదయం నుంచి రోడ్డు మీద ఏరు పారుతోంది, పిల్లలు బళ్ళు ఆపి మరీ తడుస్తున్నారు. నేను అయిదు నిమిషాలు గుమ్మంలో నిలబడి ఏడ్చాను. ఎందుకో తెలియదు. వడియాలు మాత్రం ముందే తీసేశాను, నాకు ముందుచూపు ఎక్కువ.

మార్చి 29

ఈ రోజు రాయకపోయినా బావుండేది.

మామా తన చెల్లెలికి కారవాన్ చూపించాలని తలుపు తీసింది. తీసిన చేత్తోనే ముక్కు మూసుకుంది. తడిసిన గోనె సంచిలో పాత చెప్పులు కట్టి పెట్టినట్టు వాసన. మంచం పైన కప్పుకి ఒక పెద్ద గోధుమరంగు మరక. పరుపు ఎత్తితే కింద నల్లగా, పచ్చగా బూజు. అల్మరా చెక్క ఉబ్బి తలుపు పట్టడం లేదు. మామా చెల్లెలు "ఇందులోనా మీరు పడుకునేది?" అంది. మామా మొహం చూడలేకపోయాను.

మామా గబగబా నిప్పుల మీద లుబాన్ వేసి పొగ పెట్టింది. మా ఊళ్ళో సాంబ్రాణి లాంటిదే. ఇప్పుడు బూజు వాసన, సాంబ్రాణి వాసన కలిసి దర్గాలో మేక చచ్చినట్టుంది.

బాబా పెంచలయ్యని పిలిచాడు. "బండి కడిగేప్పుడు ఆ పెద్ద పైపు కప్పు మీదకి కొట్టావా?" అన్నాడు. అది ఫోర్స్ పైపు, ఇటుక మీద రంగు కూడా లేచిపోతుంది.

పెంచలయ్య తల వంచుకున్నాడు. తర్వాత నా వైపు ఒకసారి చూశాడు. "కొట్టినా బాబా. తప్పు నాదే" అన్నాడు.

బాబా కోపం మనిషి కాదు, కానీ ఈసారి గట్టిగా అరిచాడు. సలాలా నాశనమైందన్నాడు. ఏప్రిల్ ఆఖరుకి వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపిస్తానన్నాడు.

మార్చి 30

రాత్రంతా ఆలోచించాను. పెంచలయ్య ఎప్పుడూ కప్పు మీదకి పైపు పెట్టడు, ఆ మూత పగులుతుందని వాడికి భయం. మరి ఎందుకు ఒప్పుకున్నాడు? నా వైపు ఎందుకు చూశాడు?

నా కోసం. నేను కప్పు మీద వడియాలు పెట్టింది వాడొక్కడే చూశాడు. నా పేరు బయటికి రాకుండా నింద నెత్తిన వేసుకున్నాడు. సొంత తమ్ముడు కూడా చెయ్యడు.

అయినా నేనేం చేశానని? బంక గీకాను. మురికికీ వానకీ ఏం సంబంధం? కారింది మంచం పైన, ఆ మూత ఉన్నది వంటపొయ్యి పైన. రెండింటికీ ఆరడుగుల దూరం.

ఏప్రిల్ 3, శుక్రవారం

బాబా అల్ హైల్ నుంచి ఒక మేస్త్రీని తెచ్చాడు. పేరు దేవయ్య, జగిత్యాల దగ్గర ఊరు. విల్లాలకి స్లాబులు వేస్తాడు. నీళ్ళు కారడం అంటే నీళ్ళు కారడమే, ఇల్లయినా బండయినా ఒకటేనని బాబా లెక్క.

దేవయ్య కప్పు ఎక్కి చుట్టూ తిరిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఏం లేదక్కా, స్లాబు టెస్టు చేద్దాం. నీళ్లు నిలవెడ్తె యాడ కారుతదో అదే జెప్తది" అన్నాడు.

"అది రేకు కదన్నా" అన్నాను.

"ఇరవై ఏండ్ల సంది పోస్తున్న స్లాబులు. నాకు నేర్పుతవా?"

సైట్‌లో స్లాబు పోశాక చుట్టూ మట్టి గట్టు కట్టి నీళ్ళు నిలబెడతారు కదా, అచ్చం అలాగే కారవాన్ కప్పు చుట్టూ బంకమట్టి గట్టు కట్టాడు. వరిమడి అంటే నమ్మాల్సిందే. పైపు పెట్టి బెత్తెడు నీళ్ళు నింపాడు. బాబా టార్చి పట్టుకుని లోపలికి వెళ్ళి మంచం మీద నిలబడి తల పైకెత్తి, ఎక్కడ కారుతుందా అని చూస్తున్నాడు. పెంచలయ్య బయట నిలబడి కూనిరాగం తీస్తున్నాడు. ఆ కష్టంలో కూనిరాగం! గుండె రాయి చేసుకున్నాడు పాపం.

ముందు బండి ఒక పక్కకి వంగింది. తర్వాత లోపల ఏదో పెళ్ళుమంది. తర్వాత బాబా అరిచిన అరుపుకి పక్కింటి కోళ్ళు గోడ దూకాయి. తడిసి ఉబ్బిన చెక్క ఊడి, నీళ్ళూ, చెక్కా, బూజూ, జర్మనీ ఆయన కాలం నాటి దూదీ అంతా కలిపి బాబా నెత్తి మీద పడింది. పాదాల దాకా వేలాడే తెల్ల దిష్‌దాషా మీద నల్ల చారలతో ఆయన తలుపులోంచి బయటికొచ్చాడు. ఎవ్వరం నవ్వలేదు. నేను మాత్రం వంటింట్లోకి పరుగెత్తి ఫ్రిజ్ తలుపు తీసి అందులో తల పెట్టి నవ్వాను.

కానీ టెస్టు పనిచేసింది. చెక్క ఊడిపోయాక లోపల దారి కనపడింది. మూత దగ్గర స్క్రూ బొక్కలోంచి నీళ్ళు దిగి, కప్పు లోపలి కమ్మీ వెంట ఆరడుగులు పారి మంచం పైన కారుతున్నాయి. నీళ్ళు దిగిన చోట కారవట, పల్లం దొరికిన చోట కారతాయట.

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. దేవయ్య ఆ స్క్రూ బొక్కలో పుల్ల పెట్టి తిప్పాడు. ఏదో తెల్లగా బయటికొచ్చింది. అరచేతిలో పెట్టుకుని చూశాడు, వాసన చూశాడు, నన్ను చూశాడు. మెల్లగా తెలుగులో, "అక్కా, ఇది వడియం కాదా?" అన్నాడు.

"కాదు" అన్నాను.

"నూనెల ఏంచితె ఎరుకైతది" అన్నాడు.

ఏప్రిల్ 10, శుక్రవారం

దేవయ్యకి ఒక పళ్ళెం వడియాలు. ప్రతి శుక్రవారం పంపితే ఆయనకి ఏదీ గుర్తుండదట.

మూత చుట్టూ కొత్త బంక పెట్టాడు. వర్క్‌షాపులో ట్యూబుల్లో అమ్ముతారట. పెడుతూ "దీన్ని గీకినోని చేతులు ఇరగ్గొట్టాలె. ఇది మురికి గాదు, ఇదే ప్రాణం. ఏడాదికొకసారి సూస్కోవాలె, పగిలిన కాడ మళ్ల రాయాలె" అన్నాడు. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. పాపం, అవి ఏం చేశాయని.

బూజు నేను తుడిచాను. ముక్కుకి గుడ్డ కట్టుకుని, వెనిగర్‌లో ముంచిన బట్టతో మూడుసార్లు. పరుపు పారేశాం, అది ఇక ఆరదు. కిటికీలు, మూత అన్నీ తెరిచి ఫ్యాన్ పెట్టమన్నాడు దేవయ్య. నేను కడిగిన తీరు చెబితే, "బకెట్లు గుమ్మరించి తాళం ఏస్తే బూజు గాక మల్లెపూలు పూస్తయా?" అన్నాడు. ఇది కూడా నాదేనన్నమాట.

పెంచలయ్య కొత్త సూట్‌కేస్ కొన్నాడు. దాన్ని గదిలో అటూ ఇటూ తోసి చక్రాలు చూస్తున్నాడు. జుట్టు కూడా కత్తిరించుకున్నాడు. నేను వెళ్ళి "పెంచలా, నీ రుణం తీర్చుకోలేను" అన్నాను. "ఏం రుణంలే అక్కా, నువ్వు నిమ్మళంగా ఉండు, నోరు తెరవాకు" అన్నాడు. చివరి క్షణంలో కూడా నన్నే కాపాడుతున్నాడు.

ఏప్రిల్ 13

అన్నం సయించడం లేదు. ఒక మనిషి బతుకు చెడిపోతుంటే నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. క్యాన్సిల్ అయి పోయినవాడిని ఊళ్ళో ఏమంటారు? దొంగతనం చేశాడంటారు. నమాజులో కూడా ఆ బంకే కనిపిస్తోంది.

ఏప్రిల్ 15

చెప్పేస్తాను.

ఏప్రిల్ 16

రేపు చెప్తాను. ఇవాళ చుట్టాలు వచ్చారు.

ఏప్రిల్ 17, శుక్రవారం

చెప్పేశాను.

బాబా భోజనం అయ్యాక కాఫీ తాగుతున్నాడు. అరబ్బీ సగం, హిందీ సగం కలిపి మాట్లాడాను, మిగిలింది చేతులతో చూపించాను. "బాబా, పెంచల్ మాఫీ గల్తీ, అనా గల్తీ." పెంచల్‌ది తప్పు లేదు, తప్పు నాది. అట్లకాడ తెచ్చి గీకి చూపించాను. గుమ్మడికాయ ఎంత పెద్దదో చూపించాను. దారం కట్టి చూపించాను. కళ్ళలోంచి నీళ్ళు వాటంతటవే కారాయి.

బాబా కాఫీ కప్పు పక్కన పెట్టాడు. తర్వాత "అవి తెచ్చి వేయించు" అన్నాడు. వేయించి తెచ్చాను. ఒకటి తిన్నాడు, ఇంకోటి తిన్నాడు. పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు, మామా పరుగెత్తుకొచ్చింది.

తర్వాత పెంచలయ్యని పిలిపించాడు. క్యాన్సిల్ కాగితం వాడి ముందే చింపేశాడు. భుజాల మీద చేతులేసి, "నువ్వు నా కొడుకు లాంటివాడివి. నీ మీద అన్యాయంగా అరిచాను. నువ్వెక్కడికీ పోవు. సలాలాకి నువ్వే తీసుకుపోవాలి" అన్నాడు.

పెంచలయ్య మొహం చూశాను. ఆ మొహం నేను జన్మలో మర్చిపోను. సంతోషం తట్టుకోలేకపోయాడు.

ఏప్రిల్ 18

సంతోషం కాదు.

పొద్దున గరాజ్ దగ్గర పట్టుకున్నాడు. "నిన్నెవురు అడిగినారక్కా? నోరు తెరవాకు అని చెప్పినానా లేదా? మూడేండ్ల నుంచి సెలవడిగితే ఇయ్యలా. టికెట్టు కూడా బాబానే కొనిచ్చి, దర్జాగా ఇంటికి పంపుతాండె. పైపు కొట్టినానని నేనెందుకు ఒప్పుకున్యాననుకున్యావు?"

"నా కోసం" అన్నాను.

వాడు నన్ను చూసిన చూపుకి నేలలోకి దిగిపోవాలనిపించింది. "నీ కోసమా! నా బిడ్డ కోసమక్కా" అన్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. బానెట్ మీద తల పెట్టుకున్నాడు.

ఏప్రిల్ 19

మాట్లాడలేదు.

ఏప్రిల్ 20

మాట్లాడలేదు. కూర ముట్టలేదు, మజ్జిగ పోసుకుని తిన్నాడు.

ఏప్రిల్ 21

బాబా దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. నిజంగా పెంచలయ్యే పైపు కొట్టాడని, మొన్న నేను చెప్పింది అబద్ధమని చెప్పాను. బాబా కళ్ళు చెమర్చాయి. ఒకరి కోసం ఒకరు ఇంత ప్రాణమిచ్చే పనివాళ్ళని తను ఎక్కడా చూడలేదని మామాకి చెప్పాడు. నేను నోరు మూసుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 25

ఇంతకంటే అన్యాయం ఉండదు. మామా, బాబా కూర్చుని ఆలోచించారట. ఆరేళ్ళుగా మంచిగా పనిచేసిన ఆడమనిషి, ఉన్నట్టుండి ఎండలో బండి కప్పెక్కి ఊరి తిండి ఆరబెట్టుకుంటోందంటే దానికి ఇంటి మీద బెంగ పట్టుకుందన్నమాట. నెల రోజులు సెలవు, రానూపోనూ టికెట్. వచ్చే నెల నాలుగో తారీకుకి మద్రాసు విమానం.

"నా టికెట్ పెంచలయ్యకి ఇవ్వండి బాబా" అని కాళ్ళు పట్టుకోబోయాను. "నెల రోజులకి వంట మనిషి దొరుకుతుంది, ఆ బండి నడిపేవాడు దొరకడు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి నిజంగానే మరో డ్రైవర్ కనిపించడం లేదు.

గల్ఫ్‌లో సెలవు దొరికి ఏడ్చిన మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మే 3

పెంచలయ్య తలుపు కొట్టాడు. పదిహేను రోజుల తర్వాత మొదటి మాట. "రాయచోటికి పొయ్యే ముందు రాజంపేటలో దిగగలవా అక్కా?" అన్నాడు.

"మోకాళ్ళ మీద నడిచి పోతాను" అన్నాను.

గులాబీ రంగు గౌను ఇచ్చాడు. "ఇంతుంటాదేమో" అని అరచెయ్యి మోకాలి దగ్గర పెట్టాడు. కొంచెం పైకి జరిపాడు. మళ్ళీ కొంచెం కిందకి దించాడు. నేను అటు తిరిగి నా సామాను సర్దుకున్నాను.

మే 6. రాజంపేట

రైలు దిగి ఆటోలో వెళ్ళాను. పెంచలయ్య భార్య నవీన సన్నగా, చురుగ్గా ఉంది. వాకిట్లో నీళ్ళిచ్చింది. పిల్ల ఆమె కొంగు వెనక నుంచి ఒక కన్నుతో నన్ను చూస్తోంది.

"మీ నాయన కాడి నుంచి వచ్చినారు, చూడు" అంది నవీన.

పిల్ల నా వెనకాల చూసింది, ఆటో వైపు చూసింది. "హలో రాలేదా?" అంది.

నాకు అర్థం కాలేదు. నవీన నవ్వింది. "ఫోన్‌లో ఆయన హలో హలో అంటాడు గదా అక్కా. వాళ్ళ నాయన పేరు అదే అనుకుంటాది. ఎంత చెప్పినా ఇనదు. ఈ నెలాఖరుకి వస్తా ఉండా అని చెప్పినాడు పోయిన నెల్లో. రోజూ వాకిట్లో కూచుని హలో వస్తాడు, హలో వస్తాడు అని ఒకటే గోల. అంతలోకే ఏమైందో, ఇప్పుడు కుదరదన్నాడు. ఏమైందక్కా?"

ఏమైందో వాడు చెప్పలేదన్నమాట. అంత కోపంలో కూడా నా పేరు చెప్పలేదు. వాడు నన్ను కాపాడాడని నేను అనుకున్నప్పుడు కాపాడలేదు. ఇప్పుడు కాపాడాడు.

బాబా రానివ్వలేదమ్మా అనేసి గౌను చేతిలో పెట్టి ఆటో ఎక్కొచ్చు. ఆటో వాకిట్లోనే ఉంది. నాలుక దాకా వచ్చిందా మాట. కానీ ఆ పిల్ల ఇంకా ఆటోలోకే తొంగి చూస్తోంది.

మెట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. బంక, స్క్రూలు, బూజు, వాడు తప్పు ఒప్పుకోవడం, నేను గొప్పగా వెళ్ళి నిజం చెప్పడం. "మీ ఆయన రాకపోవడానికి కారణం నేనేనమ్మా" అన్నాను.

నవీన లేచి లోపలికి వెళ్ళింది. చాలాసేపు బయటికి రాలేదు. ఆటో అతను హారన్ కొడితే డబ్బులిచ్చి పంపేశాను. పిల్ల నా పక్కన కొంచెం దూరంలో కూర్చుంది.

తర్వాత నవీన ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి, నా మొహం చూడకుండా, నా ముందు కంచం పెట్టి అన్నం వడ్డించింది. నేను తల వంచుకుని తిన్నాను.